‘అవకాశం ఉంది’ అంటే ఎంత ఉంది?

వాతావరణ శాఖ వాన పడుతుందంటే గొడుగు ఇంట్లో పెట్టి వెళ్ళొచ్చట, పడదంటే మాత్రం తప్పకుండా పట్టుకెళ్ళాలట. ఈ జోకు మన నాన్నల కాలంలో రేడియో వార్తల తర్వాత వేసుకునేవాళ్ళు. ఇప్పుడు మనం మధ్యాహ్నం భోజనాల దగ్గరా, వాట్సాప్ గుంపుల్లోనూ వేసుకుంటున్నాం. ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాం గానీ, ‘అసలు వాళ్ళు చెప్పిందేంటి, మనం విన్నదేంటి’ అని ఆగి అడిగిన పాపాన పోలేదు.

నాకు కోపం వాతావరణ శాఖ మీద కొంత ఉంది, పత్రికలూ టీవీల మీద కొంత ఉంది, మన మీద, అంటే రోజూ అంకెలతోనే బతికే సాఫ్ట్‌వేరు జనాల మీద, ఇంకాస్త ఎక్కువ ఉంది. ఎందుకో చెప్తాను.

ఐఎండీ వాళ్ళ ఇంగ్లీషు బులెటిన్ ఎప్పుడైనా చివరిదాకా చదివారా? అడుగున చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. అందులో మాటలకు అంకెలు ఉంటాయి. ‘అన్‌లైక్లీ’ అంటే నూటికి 25 లోపు. ‘లైక్లీ’ అంటే 25 నుంచి 50. ‘వెరీ లైక్లీ’ అంటే 50 నుంచి 75. ‘మోస్ట్ లైక్లీ’ అంటే 75 పైన. అంటే వాళ్ళు ‘లైక్లీ’ అన్నారంటే పడడం కన్నా పడకపోవడానికే ఎక్కువ వీలుందని వాళ్ళే ఒప్పుకుంటున్నారన్నమాట.

ఇంకో పట్టిక కూడా ఉంటుంది, ఎన్నిచోట్ల పడుతుందనే దానికి. ‘ఐసొలేటెడ్’ అంటే ఆ వాతావరణ ఉపవిభాగంలోని కేంద్రాల్లో నాలుగో వంతు లేదా అంతకన్నా తక్కువ చోట్ల. మనకు యానాంతో కలిపి కోస్తాంధ్ర మొత్తం ఒక ఉపవిభాగం, రాయలసీమ ఇంకోటి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న కోస్తా అంతా ఒకే గంపలో ఉందని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఈ రెండూ కలపండి. ‘కోస్తాంధ్రలో ఐసొలేటెడ్‌గా భారీ వర్షం లైక్లీ’ అన్నారనుకుందాం. పడే వీలు నూటికి 50 దాటదు, పడినా నాలుగో వంతు చోట్లకు మించి పడదు. కచ్చితమైన గణితం కాదు గానీ స్థూలంగా గుణిస్తే, ఏదో ఒక ఊళ్ళో, మాట వరసకి కంకిపాడులో, ఆ భారీ వర్షం పడే వీలు నూటికి పన్నెండున్నర దాటదు. ఎనిమిదిసార్లు చెబితే ఏడుసార్లు కంకిపాడులో భారీ వర్షం లేకపోయినా వాళ్ళు చెప్పింది తప్పు కాదు!

మరి ఇదే వాక్యం తెలుగులోకి వచ్చేసరికి ఏమవుతుంది? ‘కోస్తాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది’ అవుతుంది. లైక్లీ అయినా ‘అవకాశం ఉంది’. వెరీ లైక్లీ అయినా ‘అవకాశం ఉంది’. మహా అయితే ‘ఎక్కువగా ఉంది’. ఆ వాక్యం పత్రికలో పడేసరికి ‘ఒకటి రెండు చోట్ల’ ఎగిరిపోయి ‘కోస్తాకు భారీ వర్ష సూచన’ అవుతుంది. టీవీలోకి వచ్చేసరికి ఎర్రటి బ్యానరు మీద ‘దంచికొట్టనున్న వానలు’. అక్కణ్ణుంచి యూట్యూబు వాళ్ళ చేతిలో పడితే ప్రళయం. పుట్టినప్పుడు 12 శాతంగా ఉన్న పిల్ల మన ఇంటికొచ్చేసరికి నూటికి నూరై కూర్చుంటుంది. సాయంత్రం ఒక్క చుక్క పడదు. మనం గొడుగు జోకు వేసుకుంటాం.

ఇది నాకు అచ్చం మనవాళ్ళు రాసే కోడులా అనిపిస్తుంది. వెనకాల ఎక్కడో ఫ్లోటింగ్ పాయింటులో 0.31 అని భద్రంగా ఉన్న విలువని, తెర మీద చూపించేచోట ఎవడో మహానుభావుడు బూలియన్‌గా మార్చేశాడు. సున్నా కానిదల్లా ‘ట్రూ’. ఇలాంటి బగ్గు మన ప్రొడక్షన్‌లో వస్తే అర్ధరాత్రి లేపి మరీ తిట్టరూ?

సరే, ‘అసలు 31 అనడం ఎందుకు, ఇన్ని ఉపగ్రహాలూ సూపర్ కంప్యూటర్లూ పెట్టుకుని పడుతుందో పడదో తేల్చి చెప్పొచ్చు కదా’ అని మీరడగొచ్చు. చెప్పలేరు. చేతకాక కాదు. మన పక్కనున్న సముద్రం అలాంటిది.

బంగాళాఖాతం పైపొర ఏడాదిలో చాలా భాగం 28 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, ఏప్రిల్ మే నెలల్లో 30 దాకా పోతుంది. ఆ వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కేకొద్దీ ఆవిరిని పట్టుకునే శక్తి దాదాపు 7 శాతం పెరుగుతుంది. ఆ ఆవిరి మళ్ళీ నీరైనప్పుడు కిలోకి సుమారు 25 లక్షల జౌళ్ళ వేడి వదులుతుంది. ఉరుములకూ మెరుపులకూ ఇంధనం అదే.

వేసవి మధ్యాహ్నం ఏం జరుగుతుందో కృష్ణా జిల్లా వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పైన పడమటి నుంచి ఎండుగాలి, వడగాలి. కింద తూర్పు, దక్షిణాల నుంచి చెమ్మగాలి. ఆ చెమ్మగాలి మీద వేడి ఎండుగాలి పొర మూతలా కూర్చుంటుంది. మూత గట్టిగా ఉంటే ఉక్కపోత తప్ప ఏమీ ఉండదు. సముద్రపు గాలి లోపలికి తోసుకొచ్చి ఎక్కడో ఒకచోట మూత లేచిందంటే, గంటలో మేఘం పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు పెరుగుతుంది. గాలి దుమారం, పిడుగులు, కొన్నిచోట్ల వడగళ్ళు. బందరు నుంచి కంకిపాడుకి తిన్నగా కొలిస్తే 50 కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ మూత ఉయ్యూరు దగ్గర లేస్తుందా, గన్నవరం దగ్గర లేస్తుందా, అసలు లేవకుండానే పొద్దుగూకుతుందా అన్నది పొద్దున్న ఆరింటికి ఎవరూ చెప్పలేరు. ఎసట్లో మొదటి బుడగ ఎక్కడ లేస్తుందో ముందే వేలుపెట్టి చూపించమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. నీళ్ళు మరుగుతాయని మాత్రం నమ్మకంగా చెప్పొచ్చు.

ఒక ఉరుముల మేఘం అడ్డకొలత మామూలుగా ఐదు పది కిలోమీటర్లు, ఆయుష్షు అరగంట నుంచి గంట. ఐఎండీ ప్రపంచవ్యాప్త మోడల్ గడి చాలాకాలం 12 కిలోమీటర్లు. 2025 మేలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ దాన్ని 6 కిలోమీటర్లకు దించింది. మంచిదే, సంతోషమే. కానీ ఆరు కిలోమీటర్ల కన్నాలున్న వలలో ఐదు కిలోమీటర్ల చేప పడదు కదా. గడి ఇంకా చిన్నది చేసినా, మొదట్లో ఉన్న చిన్న తేడాలు గంటల్లోనే పెద్దవై కూర్చుంటాయని ఎడ్వర్డ్ లోరెంజ్ 1960ల్లోనే చూపించాడు. కాబట్టి గాలివాన విషయంలో శాతాలతో చెప్పడం తప్పించుకోవడం కాదు. ఉన్నదున్నట్టు చెప్పడం అంటే అదే.

తుఫాను సంగతి వేరు. అది వందల కిలోమీటర్ల సుడి, రోజుల తరబడి బతుకుతుంది, దాని దారిని ముందే పట్టుకోవచ్చు. ఇందులో వాతావరణ శాఖ ఏం సాధించిందో మన జిల్లా చరిత్రే సాక్ష్యం. 1864 నవంబరులో బందరును ముంచిన తుఫానులో సుమారు 30 వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలమందికి పైగా పోయారు. 1990 మేలో దాదాపు అక్కడే తీరం దాటిన పెద్ద తుఫానుకి లక్షలమందిని ముందే తరలించారు, అయినా వెయ్యికి దగ్గరగా చనిపోయారు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తీరం దాటింది, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా దాటింది. ఈ రెండింటిలోనూ మన రాష్ట్రంలో ప్రాణనష్టం వేలల్లో కాదు గదా, వందల్లో కూడా లేదు. తుఫానులన్నీ ఒకే బలంతో రావు, పక్కా ఇళ్ళూ రోడ్లూ ఫోన్లూ పెరిగాయి, అవన్నీ నిజమే. కానీ ముందుగా చెప్పగలగడం లేకుండా ఇది జరిగేది కాదు. గొడుగు జోకు వేసేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవాలని మనవి.

అయితే తుఫానులు మనకో చెడ్డ అలవాటు కూడా చేశాయి. మ్యాపు మీద చుక్క ఎక్కడుందో చూడ్డం, ‘మన దగ్గర దాటట్లేదులే’ అని ఊపిరి పీల్చుకోవడం. 2024 ఆగస్టు 31 రాత్రి వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. విజయవాడకి అది 300 కిలోమీటర్లకు పైగా దూరం. కానీ రుతుపవనాల కాలంలో వాయుగుండం వస్తే అతి భారీ వర్షం కేంద్రం దగ్గర కాదు, నైరుతి వైపున పడుతుంది. వాతావరణ పాఠ్యపుస్తకాల్లో ఉండే సంగతే ఇది. కళింగపట్నానికి నైరుతి వైపు ఎవరున్నారు? విజయవాడ, ఖమ్మం, మహబూబాబాద్. కుండపోత అక్కడే కురిసింది.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడ్డాయి. బుడమేరు మళ్ళింపు కాలువకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ వైపు లక్షలమంది నీళ్ళలో చిక్కుకున్నారు, రోజుల తరబడి పాలకీ మంచినీళ్ళకీ ఎదురుచూశారు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.4 లక్షల క్యూసెక్కులు. 2009 అక్టోబరు వరద రికార్డు కూడా బద్దలైంది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

ఇక్కడ ‘సూచన ఇచ్చారా లేదా’ అని రాజకీయ నాయకులు కొట్టుకున్నట్టు మనమూ కొట్టుకోనక్కర్లేదు. భారీ వర్షాల హెచ్చరిక ఉంది. కానీ సింగ్‌నగర్‌లో కింది వాటాలో ఉండే మనిషికి ఆ హెచ్చరిక ఏం చెప్పింది? ‘భారీ నుంచి అతి భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి.’ ఇదే వాక్యం ప్రతి జులైలోనూ వింటాడు, ప్రతి ఆగస్టులోనూ వింటాడు. ఏడాదికి ముప్పైసార్లు వినే వాక్యానికీ, ఇరవై ఏళ్ళకోసారి నిజమయ్యే వాక్యానికీ తేడా లేకపోతే ఆ మనిషి బండినీ, గ్యాసు బండనీ, ముసలి తల్లినీ పై అంతస్తుకి ఎప్పుడు చేర్చాలి? ముప్పైసార్లూనా?

ఆన్‌కాల్ డ్యూటీ చేసినవాళ్ళకి ఈ జబ్బు పేరు చెప్పక్కర్లేదు. రాత్రంతా ‘క్రిటికల్’ అని మోగే అలారాలు నూరుంటే, నూటొకటోది, అంటే నిజంగా డేటాబేసు కూలినప్పుడు మోగేది, మనం నిద్రలోనే నొక్కి పడుకుంటాం. మన పెద్దవాళ్ళు దీన్ని ‘నాన్నా పులి’ కథగా ఎప్పుడో చెప్పారు. ఆ కథలో పిల్లాడు అబద్ధం చెప్పాడు. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. నక్కకీ పులికీ ఒకే కేక వేస్తున్నారు, అంతే.

రంగులు ఉన్నాయి కదా అంటారేమో. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఉన్నాయి, పనికొస్తాయి కూడా. కానీ ఆ రంగు జిల్లా మొత్తానికీ ఒకటే. గన్నవరం మెట్ట నుంచి నాగాయలంక ఉప్పుకయ్యల దాకా ఒకే నారింజ. పైగా పడే వీలునీ, పడితే జరిగే నష్టాన్నీ కలిపి ఆ రంగు నిర్ణయిస్తారు. ఇది ‘పడడం దాదాపు ఖాయం, నష్టం ఓ మాదిరి’ నారింజో, ‘పడే వీలు తక్కువే గానీ పడితే కొంప మునుగుతుంది’ నారింజో చూసేవాడికి తెలీదు. రెండింటికీ చేయాల్సిన పనులు వేరు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో డబ్బు లెక్కలో చూద్దాం. కంకిపాడు చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లో రోడ్ల పక్కన మొక్కజొన్న, ధాన్యం ఆరబోసి ఉంటాయి. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. ఒక్క గాలివాన తగిలితే గింజ రంగు మారుతుంది, మొలకొస్తుంది, ధర పడిపోతుంది. రాశి పోసి బరకాలు కప్పడానికి కూలీ, బరకాల అద్దె కలిపి 3 వేలవుతుందని లెక్క కోసం అనుకుందాం. తడిస్తే నష్టం 30 వేలనుకుందాం. అప్పుడు వాన పడే వీలు పదిశాతం దాటిన ప్రతి రోజూ కప్పడమే లాభం. పదిలో తొమ్మిదిసార్లు వాన పడకపోయినా సరే! అదే నష్టం 6 వేలే అయితే, సగానికి సగం వీలుంటే తప్ప కప్పడం దండగ. ఒకే వాన, ఒకే ఊరు, ఇద్దరు రైతులు, రెండు వేరువేరు నిర్ణయాలు. ‘అవకాశం ఉంది’ అన్న మాటతో ఇద్దరిలో ఒక్కరికీ ఉపయోగం లేదు. అంకె ఇస్తే ఇద్దరికీ ఉంది.

ఇక్కడ ఠక్కున వచ్చే అభ్యంతరం: ‘శాతాలు చదువుకున్నవాళ్ళకి, పల్లెటూరి రైతుకేం అర్థమవుతాయి?’ ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, నూటికి మూడు చొప్పున పంట మీద మిగులుతుందో లేదో నోటితో లెక్కగట్టే మనిషికి శాతాలు రావా? సంక్రాంతికి మా వైపు బరుల దగ్గరికి వెళ్ళి చూడండి. కోడి దెబ్బ తిన్న క్షణంలో పందెం పదికి తొమ్మిది నుంచి పదికి ఐదుకి ఎలా దిగుతుందో, ఆ దిగడాన్ని వందమంది ఒకేసారి ఎలా అందుకుంటారో! (పందేలు మంచివని అనట్లేదు సుమా :) ) మొన్నామధ్య మా పెదనాన్న ఫోన్ చేసి ‘ఏరా, అంతంత కంప్యూటర్లున్నాయి గదా మీ దగ్గర, ఇవాళ వానొస్తుందంటావా?’ అన్నాడు. ‘నూటికి ముప్పై ఉంది పెదనాన్నా’ అన్నాను. ‘ముప్పయ్యా? అయితే కప్పేద్దాం. కూలీ పోతే పోయింది’ అని ఫోన్ పెట్టేశాడు. ఆయనకి వివరణ అక్కర్లేదు, అంకె చాలు. అమెరికాలో 1960ల నడుమ నుంచీ మామూలు జనానికి వాన శాతాల్లోనే చెప్తున్నారు. వాళ్ళ రైతులకన్నా మనవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు.

రెండో అభ్యంతరం: ‘నా ఫోన్ యాప్‌లో శాతం కనిపిస్తూనే ఉంది కదా?’ కనిపిస్తుంది. ఎక్కడో నడిచే ప్రపంచ మోడల్ నుంచి తీసి, కంకిపాడు గాలివానల మీద ఎప్పుడూ సరిచూడని అంకె అది. శాతం చెప్పడం గొప్ప కాదు. 30 శాతం అని చెప్పిన రోజులన్నీ పోగేస్తే వాటిలో నూటికి ముప్పై రోజులు వాన పడి ఉండాలి. అప్పుడే దాన్ని నమ్మాలి. ఆ సరిచూపు జరగకపోతే అది శాతం గుర్తు తగిలించిన జాతకం.

అందుకే నా రెండో కోరిక స్కోరు. ‘మా కచ్చితత్వం ఇంత శాతం’ అనే ప్రకటనలు నేను నమ్మను. ఎందుకో 1884లోనే తేలిపోయింది. అమెరికా సైన్యంలో ఫిన్లీ అనే ఆయన టోర్నడోలు వస్తాయో రావో ముందే చెప్పి, 2803 సూచనల్లో 96.6 శాతం సరైనవని లెక్క చూపించాడు. ఎవరో లెక్కేసి చూస్తే, కళ్ళు మూసుకుని ప్రతిసారీ ‘టోర్నడో రాదు’ అని చెప్పినవాడికి 98.2 శాతం వస్తుంది! ఆయన వస్తుందన్న వందసార్లలో నిజంగా వచ్చింది 28 సార్లు. రాదన్నా వచ్చినవి 23. అరుదైన సంఘటనలకి ‘కచ్చితత్వం’ ఎంత పనికిమాలిన కొలతో, మెషీన్ లెర్నింగ్ మొదటి పాఠం చదివిన ప్రతి కుర్రాడికీ తెలుసు. ప్రెసిషన్ ఎంత, రీకాల్ ఎంత అని ఇంటర్వ్యూల్లో పిల్లల ప్రాణం తీస్తాం. మన ఊరి వాన దగ్గరికొచ్చేసరికి గొడుగు జోకుతో సరిపెట్టుకుంటాం.

మూడో సంగతి గడియారం. పొద్దున్న చెప్పిన 20 శాతం సాయంత్రం దాకా 20 శాతంగానే ఉండాలని లేదు. మచిలీపట్నంలో ఎస్-బ్యాండ్ డాప్లర్ రాడారు ఉంది. 250 కిలోమీటర్ల మేర మేఘాలలో చినుకుల జాడ చూడగలదు, కంకిపాడు దానికి పెరటి దూరం. మేఘం పుట్టాక గంటకి ముప్పై నలభై కిలోమీటర్ల వేగంతో ఎటు కదులుతోందో కనిపిస్తుంది. అప్పుడు వచ్చే గంట రెండు గంటలకి శాతం అరవైకో ఎనభైకో పోవచ్చు, లేదా సున్నాకి దిగొచ్చు. ఐఎండీ మూడు గంటలకోసారి నౌకాస్ట్ ఇస్తూనే ఉంది. పుణేలోని ఐఐటీఎం వాళ్ళ ‘దామిని’ యాప్ 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగుల జాడ చెప్తుంది. మన రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో సహా పిడుగు హెచ్చరికలు పంపిస్తోంది. మెచ్చుకోవాల్సిన పనే. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. దేశంలో ఏటా రెండు వేలమందికి పైగా పిడుగులకే చనిపోతున్నారు, పొలాల్లో పనిచేసేవాళ్ళే ఎక్కువ. పిడుగు విషయంలో లెక్క ఇంకా తేలిక: అరగంట పని ఆపి ఇంట్లోకి రావడానికి ఖర్చు దాదాపు లేదు, రాకపోతే ప్రాణం పోవచ్చు. కాబట్టి ఐదు శాతం ఉన్నా లేచి రావాల్సిందే. బరకాల లెక్కే ఇది, అంకెలు మాత్రం వేరు.

అంటే చేయాల్సింది పెద్ద విప్లవం ఏమీ కాదు. 2024 సెప్టెంబరులో, విజయవాడ ఇంకా బురద కడుక్కుంటున్న రోజుల్లో, కేంద్ర మంత్రివర్గం మిషన్ మౌసమ్‌కి 2000 కోట్లు మంజూరు చేసింది. రాడార్లు కొనడానికి, కంప్యూటర్లు పెంచడానికి. కొనండి, పెంచండి. నేనడిగేదానికి మాత్రం కోట్లు అక్కర్లేదు.

ఒకటి. తెలుగు బులెటిన్‌లో నాలుగు మాటలు నాలుగు అంకెలతో స్థిరపరచండి. 25 లోపు అయితే ‘పడకపోవచ్చు’. 25 నుంచి 50 అయితే ‘పడినా పడొచ్చు’. 50 నుంచి 75 అయితే ‘పడే వీలే ఎక్కువ’. 75 దాటితే ‘దాదాపు తప్పదు’. పక్కనే అంకె. ఇంగ్లీషు బులెటిన్ అడుగున వాళ్ళు ఇప్పటికే రాసుకుంటున్నదే ఇది. తెలుగువాడికి చెప్పడానికి ఏమిటి మొహమాటం?

రెండు. ప్రతి నెలాఖరుకి జిల్లాకో పట్టిక. ఎన్నిసార్లు చెప్పారు, ఎన్నిసార్లు పడింది, చెప్పకుండా ఎన్నిసార్లు పడింది. మూడే అంకెలు. చెడ్డగా ఉన్నా సరే, పెట్టండి. చెడ్డ స్కోరు దాచుకోనివాడి మాటకే జనంలో విలువ పెరుగుతుంది.

మూడు. రాష్ట్రంలో మండలాల స్థాయిలో వందలకొద్దీ స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి. వాటి పాత కొలతలన్నీ, రాడారు చిత్రాల వెనకున్న అంకెలతో సహా, ఎవరైనా దించుకునేలా తెరిచిపెట్టండి. బొమ్మలు కాదు, అంకెలు. 2021 జులైలో ప్రధాని మన్ కీ బాత్‌లో మెచ్చుకున్న ‘ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్’ ఎవరనుకున్నారు? మనలాగే పగలు సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకునే కుర్రాడు. దొరికిన డేటాతో తెలుగులో, రైతుకి అర్థమయ్యే భాషలో చెప్పాడు. తలుపులు పూర్తిగా తెరిస్తే అలాంటివాళ్ళు జిల్లాకి పదిమంది పుడతారు.

ఇక మన వాటా. బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, డాలస్‌లోనో కూర్చుని పదిరోజుల తర్వాతి రంగురంగుల మ్యాపుని ‘బెజవాడకి మహా ప్రమాదం, అందరికీ పంపండి’ అంటూ ఊళ్ళో గ్రూపులోకి తోసేవాళ్ళలో ముప్పాతికమంది మనవాళ్ళే. పదిరోజుల తర్వాతి వాయుగుండం ఒక మోడల్ ఒక్కసారి నడిచినప్పుడు వచ్చిన ఒక్క ఫలితం. మర్నాటి రన్‌లో అది బంగ్లాదేశ్ వెళ్ళొచ్చు, అసలు పుట్టకపోవచ్చు. ఒక్క టెస్టు పాసైందని రిలీజు చేసేస్తామా మనం? ఆ ఫార్వర్డు చూసి ఎవరో పచ్చి ధాన్యం హడావుడిగా కోయించి అయినకాడికి అమ్ముకుంటారు. వాన రాదు. తర్వాతసారి నిజం హెచ్చరిక వచ్చినప్పుడు ‘పోరా, మీ కంప్యూటర్లూ మీరూ’ అంటారు. ఆ అపనమ్మకానికి బిల్లు వాతావరణ శాఖ పేరున వెళ్తుంది, సరుకు మాత్రం మనది.

దానికి బదులు ఒక పని చేయండి. వచ్చే ఏప్రిల్, మే నెలల్లో 61 రోజులు. ఒక ఎక్సెల్ షీటు తెరిచి రోజూ పొద్దున్న మీ జిల్లా హెచ్చరిక ఏముందో రాయండి. సాయంత్రం ఊరికి ఫోన్ చేసి వాన పడిందో లేదో రాయండి. ఎలాగూ అమ్మానాన్నలకి ఫోన్ చేయాలి కదా, ఆ వంకన రోజూ చేసినట్టుంటుంది. జూన్ ఒకటిన లెక్క తీయండి. ఊరూరా పదిమంది చేస్తే, స్కోరు పెట్టమని అడగడానికి మన చేతిలో కాగితం ఉంటుంది. అప్పుడు కూడా గొడుగు జోకే నిజమని తేలితే నిరభ్యంతరంగా వేసుకోండి, నేనూ నవ్వుతాను.

ఏమంటారు?

తాజాకలం: ‘ఇంత గొడవెందుకు, పంచాంగంలో ఆఢకాలు చూసుకుంటే పోలా’ అని ఒక మిత్రుడు చదవగానే అన్నాడు. పంచాంగంతో నాకు పేచీ లేదు. దాని స్కోరు కూడా ఆ ఎక్సెల్‌లోనే ఇంకో వరసలో రాద్దాం, ఎవరికెన్ని మార్కులొస్తాయో చూద్దాం.